దుర్యోధనుడి దమ్ము

మా బావ గొంతు సన్నం. పాలకేంద్రం ఫోనుకు ఎవరైనా కొత్తవాళ్లు చేస్తే, "అమ్మా, ఇంట్లో మగవాళ్లుంటే పిలవండి" అంటారు. బావ నొచ్చుకోడు. "ఉండాడు, పిలస్తాను" అని ఫోను కాసేపు పక్కన పెట్టి, మళ్లీ తీసుకుని, గొంతు కాస్త బరువు చేసి తానే మాట్లాడతాడు. పెళ్లయిన కొత్తలో ఇది చూసి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోకుండా నవ్వాను.

బావ అంటే నా మేనత్త కొడుకు, నా భర్త. నేను పుట్టింది కుప్పం పక్క పల్లెలో. పెళ్లయి పుంగనూరు దగ్గరి ఈ ఊరికి వచ్చాను. బావ రెండు పూటలా ఊళ్లోవాళ్ల దగ్గర పాలు పోయించుకుని, క్యాన్లు ఆటోలో వేసుకుని పుంగనూరుకు తోలుకుపోతాడు. నేను అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. పొద్దున ఆ ఆటోలోనే క్యాన్ల మధ్య ఇరుక్కుని బడికి పోతాను. దారి పొడుగునా బావ పద్యాలు పాడతాడు. మలుపుల దగ్గర హారన్ కొట్టడానికి మాత్రం ఆపుతాడు.

మా పక్క ఎండాకాలంలో భారతం ఆడతారు. పద్దెనిమిది రోజుల ఉత్సవం. పగలు కథ చెబుతారు, రాత్రి నాటకం వేస్తారు. ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధ. దానికోసం ఖాళీ బయలులో మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి చేసి వెల్లకిలా పడుకోబెడతారు. ఆ బొమ్మ కాలివేలి మీద ఒక పిల్లవాడు కూర్చోవచ్చు, అంత పెద్దది. వేషం కట్టిన దుర్యోధనుడు ఆ బొమ్మ మీదా, చుట్టూ పరుగెత్తుతూ పద్యాలు పాడాలి. భీముడు గద పట్టుకుని వెంటబడతాడు. ఎండలో, దుమ్ములో, తలమీద కిరీటంతో ఆ పరుగు చూడటానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ వస్తాయి.

మా ఊళ్లో ఆ వేషం మా మామది. అంటే బావ వాళ్ల నాన్నది. ఆయన గొంతు ఎట్లాంటిదంటే, ఇంట్లో ఉప్పు అడిగితే పక్కింటివాళ్లు తెచ్చిచ్చేవారు. ఏళ్ల తరబడి ఆయనే దుర్యోధనుడు. బజారులో కూడా చాలామంది ఆయన్ను ఆ పేరుతోనే పిలుస్తారు. బావకు మాత్రం ఆ గొంతు రాలేదు. చిన్నప్పుడు ఉత్తర, మీసాలొచ్చాక సుభద్ర, తర్వాత చాలాకాలం ద్రౌపది. ద్రౌపదిగా బావ ఏడిస్తే ఆడవాళ్లందరూ ఏడ్చేవాళ్లు. నేనూ ఏడ్చేదాన్ని. పెళ్లిచూపుల నాటికే నేను ఆయన్ను చీరలో చూసి ఉన్నాను.

మొన్నటి ఏడాదికి ముందు ఏడాది, భారతం ఒప్పందం కుదిరినప్పుడు మామ మోకాళ్లు పట్టేశాయి. పరుగెత్తలేనని చెప్పేశాడు. పెద్దలు ఎవరిని పెడదామని తలలు పట్టుకుంటే, మామ ముందూ వెనకా చూడకుండా, "నా కొడుకు ఉండాడు గదా" అన్నాడు. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడి మీసం మెలేస్తూ ఉండిపోయాడు. ఆ మొహంలో సంతోషం చూసి మా అత్త దిష్టి తీసింది.

అభ్యాసాలు మొదలయ్యాయి. హార్మోనియం వాయించేది పుంగనూరు సాయిబు తాత. బట్టలు కుట్టే పని ఆయనది, నాటకం వేషాలు కూడా ఆయనే కుడతాడు. నలభై పద్యాల రాగాలు ఆయన వేళ్లలో ఉంటాయి. మొదటి రోజు బావ పద్యం విని, పెట్టె మూసి, గడ్డం గోక్కున్నాడు.

"శ్రుతి బాగుండాది బేటా. దమ్మే సాలదు. ద్రౌపదికి ఏడుపు సాలు. దుర్యోధనునికి దమ్ము కావాల."

అభ్యాసం అయ్యాక అందరూ టీ కొట్టు దగ్గర చేరారు. భీముడి వేషం వేసేవాడు టమాటా లారీ డ్రైవరు. మదనపల్లె మార్కెట్టుకు సరుకు తోలుతాడు. భుజాలు వెడల్పు, మనసు వెన్న. వాడు జేబులోంచి సిగరెట్టు తీసి, "దమ్ము కావాలంటే దమ్ము కొట్టాలప్పా. నా గొంతు సూడు, ఎట్ల దిగిందో" అన్నాడు. వాడు తమాషాకే అన్నాడు. బావ తమాషాకు తీసుకోలేదు.

ఇదంతా నాకు అప్పుడు తెలియదు. తర్వాత తెలిసిన సంగతి. అప్పుడు నాకు కనబడిందల్లా, ఇంటి ముందరి జామచెట్టు కింది కొమ్మలకు ఆకులు తగ్గుతూ ఉండటం. పక్కింటి మేకలు తింటున్నాయనుకుని వాళ్లతో ఒక మాట అనేశాను కూడా. బావేమో వాసన పోవడానికి జామాకు నములుతున్నాడు.

కొన్నాళ్లకు గొంతు నిజంగానే కొంచెం బొంగురుపోయింది. ఆయన ఆనందం చెప్పనలవి కాదు. ఒక పొద్దున నన్ను పెరట్లోకి లాక్కుపోయి, "విను మే, దిగింది! గొంతు దిగింది!" అంటూ పద్యం మొదటి పాదం అందుకున్నాడు. రెండో పాదంలో దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక, "అది కూడా దుర్యోధనుడి దగ్గు మాదిరే ఉండాది" అని నవ్వాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

భారతం జెండా ఎక్కి ఉత్సవం మొదలైన వారంలోనే బావకు జ్వరం వచ్చింది. ఎండలో తిరిగాడు గదా అని మజ్జిగ ఇచ్చాం. పుంగనూరులో డాక్టరు మాత్రలు రాశాడు. జ్వరం తగ్గలేదు. దగ్గు పొడిగా, ఊరకే తెగని దారంలా వస్తూ ఉంది. గట్టిగా ఊపిరి తీస్తే రొమ్ములో పొడిచినట్టుందని పక్కకు ఒరిగి పడుకునేవాడు.

ఆ తర్వాతి పొద్దున పాల క్యాను ఎత్తబోయి బావ అరుగు మీద కూలబడ్డాడు. నేను పరుగెత్తుకు పోయి, "ఏమయింది బావా?" అన్నాను. "నీ..." అని ఆగాడు. ఊపిరి తీసుకుని, "...ళ్లు" అన్నాడు. ఒక సీస పద్యం అంతా రెండు గుక్కల్లో చెప్పే మనిషి, నీళ్లు అనే మాటకు రెండు గుక్కలు తీసుకున్నాడు. ఆయన పెదవులు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి.

భీముడే కారు మాట్లాడుకుని వచ్చాడు. బావను ఎత్తుకుని సీట్లో కూర్చోబెట్టాడు. మా మామ మోకాళ్లు పట్టుకుంటూనే ముందు సీటెక్కాడు. పుంగనూరులో ఆపకుండా నేరుగా మదనపల్లెకు పోయాం. దారంతా బావ తల నా భుజం మీద. భారతం సంగతి ఎవరూ ఎత్తలేదు.

మదనపల్లె అంటే మా పెద్దవాళ్లకు ఊపిరి బాగుచేసుకునే ఊరు. క్షయ ఉన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో మంచి గాలికోసం వచ్చేవారని మా అమ్మమ్మ చెప్పేది. అంత గాలి ఉన్న ఊళ్లో ఆసుపత్రి మంచం మీద బావకు గాలి చాలడం లేదు. ముక్కుకూ నోటికీ మాస్కు పెట్టారు. ఎక్స్‌రే తీశారు. డ్యూటీ డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చూపించాడు. నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. చలికాలం హార్స్‌లీ కొండకు పొద్దున పోతే ఎదురుగా ఉన్న మనిషి కనబడకుండా మంచు పడుతుంది. అచ్చం అట్లాగే ఉంది, రెండు పక్కలా.

న్యుమోనియా అన్నారు. గట్టి మందులు ఎక్కించారు. ఆ రోజు తగ్గలేదు, మర్నాడూ తగ్గలేదు. ఆక్సిజన్ పెంచుతూ పోయారు. ఇంకా పెరిగితే గొంతులోకి గొట్టం వేసి మిషను మీద పెట్టాల్సి వస్తుందని చెప్పారు. అత్త ఫోను చేసి, "ఎట్లుండాడమ్మా?" అని అడిగితే, "నిద్రపోతాండాడు అత్తా" అన్నాను. నిజానికి బావ నిద్రపోవడం లేదు. కళ్లు తెరిచి ప్రతి ఊపిరినీ బరువు ఎత్తినట్టు ఎత్తుకుంటున్నాడు. మాట్లాడితే ఆయాసం పెరుగుతుందని ఇద్దరం ఒకరి అరచేతిలో ఒకరం వేలితో రాసుకునేవాళ్లం. 'పాలు ఎవరు తోలుతున్నారు' అని ఆయన నా అరచేతిలో రాశాడు. 'భీముడు' అని రాశాను. మాస్కు కింద కళ్లు నవ్వాయి. ఆ ఒక్క నవ్వు పట్టుకుని ఆ పూట గడిపాను.

అప్పుడు ఊపిరితిత్తుల డాక్టరమ్మ వచ్చింది. చిన్నవయసు మనిషి. గబగబా నడుస్తుంది, నింపాదిగా మాట్లాడుతుంది. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, కథ చెప్పించుకున్నట్టు మొదటినుంచీ అడిగింది. ఏం పని చేస్తాడు, గడ్డి దుమ్ము పీలుస్తాడా, ఇంట్లో పావురాలున్నాయా, కొత్తగా ఏవైనా మాత్రలు వాడాడా. అన్నిటికీ నేనే జవాబు చెబుతున్నాను.

"సిగరెట్ అలవాటు ఉందా?"

"అయ్యో, లేదు మేడమ్. మా ఇంట్లో ఆ వాసనే లేదు" అన్నాను.

"మా వంశంలోనే లేదమ్మా" అన్నాడు మామ.

మంచం మీది నుంచి ఒక చెయ్యి నెమ్మదిగా పైకి లేచింది. మా బడిలో ఇంటిపని చేయని పిల్లలు లేపినట్టు, మోచేయి మంచానికి ఆనించి, బావ చెయ్యి ఎత్తాడు.

డాక్టరమ్మ ముందుకు వంగింది. "తాగుతారా?"

తల ఊపాడు.

"ఎన్నేళ్లుగా?"

కాదని తల తిప్పి, మాస్కు కొంచెం జరుపుకుని, "మూడు... వారాలు..." అన్నాడు.

డాక్టరమ్మ మొహం మారింది. చీకట్లో తాళంచెవి చేతికి తగిలినవాళ్ల మొహంలా ఉంది. "ఈమధ్య ఎక్కువ చేశారా? మొదట తక్కువ, తర్వాత ఎక్కువ?"

"అవును... మేడమ్."

నాకు ఒక్కసారిగా జామచెట్టు గుర్తుకొచ్చింది. కోపం ముందు వచ్చిందా, ఏడుపు ముందు వచ్చిందా చెప్పలేను. "యాల బావా? నువ్వు యాల తాగినావు?" అన్నాను.

"దుర్యోధనుడి... కోసం."

డాక్టరమ్మకు ఇది అర్థం కాలేదు. ఆవిడ ఈ ప్రాంతం మనిషి కాదు. పెన్ను పట్టుకుని, "దుర్యోధనుడు ఎవరు? మీ స్నేహితుడా? ఆయన కూడా తాగుతారా?" అని అడిగింది.

"నేనేనమ్మా దుర్యోధనుణ్ణి!" అన్నాడు మామ, తన మామూలు గొంతుతో.

వార్డు మొత్తం ఇటు తిరిగింది. అవతలి మంచం మీది పెద్దాయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఒక నర్సు చేతిలోంచి దూది డబ్బా జారిపోయింది. అన్ని రోజుల భయం మధ్యలో నాకు నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. డాక్టరమ్మ మొదట బిత్తరపోయి, మామ సంగతి అంతా చెప్పాక, తల వంచుకుని భుజాలు కదిలేలా నవ్వింది.

తర్వాత మమ్మల్ని బయటికి తీసుకుపోయి వివరంగా చెప్పింది. "ఏళ్ల తరబడి తాగేవాళ్లకు వచ్చే జబ్బులు వేరు. ఇది కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు వచ్చేది. అందరికీ రాదు, చాలా అరుదు. కొందరి ఊపిరితిత్తులు ఆ కొత్త పొగను అస్సలు ఒప్పుకోవు. ఒంట్లో ఒక రకం తెల్లకణాలు గుంపులు గుంపులుగా అక్కడికి పోయి కూర్చుంటాయి. ఇస్నోఫీలియా అనే మాట మీరు విని ఉంటారు. ఆ కణాలే. రక్తంలో ఇప్పుడు కనబడకపోవచ్చు. ఊపిరితిత్తుల్లో దాక్కుని ఉంటాయి. లోపలికి సన్నటి గొట్టం పంపి, కొంచెం సెలైన్ పోసి, వెనక్కి తీసి చూడాలి. ఈ పరిస్థితిలో అది చేయడంలో ప్రమాదం ఉంది. కానీ నేననుకున్నదే అయితే, దీనికి మందు ఉంది. బాగా పనిచేసే మందు."

ఇస్నోఫీలియా అంటే మా ఊళ్లో తుమ్ములు, గొంతు గరగర. ఎవరైనా రెండు తుమ్ములు తుమ్మితే ఆ పేరే చెబుతారు. అది మనిషిని ఇంత దూరం తెస్తుందని ఎవరనుకుంటారు?

"కడిగి సూడమ్మా" అన్నాడు మామ. ఆ రోజు ఆయన చిన్నగా మాట్లాడటం మొదటిసారి విన్నాను.

గొట్టం లోపలికి పంపినప్పుడు మేము బయట బెంచీ మీద కూర్చున్నాం. మామ తన మోకాలు తానే ఒత్తుకుంటూ, "ఈ గొంతు నాకు మా అమ్మ ఇచ్చింది గానీ బీడీ ఇచ్చిందా?" అని నాతో అన్నాడు. "వాడు ఆ మాట నన్ను అడిగుంటే సెప్పేవాణ్ణి గదమ్మణ్ణీ. నేను ఒక్క పీల్పు పీల్చి ఎరగను. వానికి సిగ్గు, నన్ను అడగలేదు. నాకు కూడా తోచలేదు."

మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ వచ్చింది. గబగబా వచ్చే మనిషి ఈసారి పరుగెత్తుతూ వచ్చింది. ఆ నడక చూసే నాకు సగం తెలిసిపోయింది.

"దొరికింది. తీసిన నీళ్ల నిండా అవే. స్టెరాయిడ్ ఎక్కించేశాం. రేపటికి చూడండి."

రేపటిదాకా ఆగాల్సిన పని లేకపోయింది. ఆ సాయంత్రమే కనురెప్పలు బరువుగా వాలి బావ నిద్రపోయాడు. నిజంగా నిద్ర. గుండె మీది దుప్పటి తొందరపడకుండా లేచి దిగుతోంది. పొద్దున లేచి, మాస్కు తీసి చేత్తో పట్టుకుని, పూర్తిగా ఒకే గుక్కలో, "సంగటి, ఊరుబిండి కావాల మే" అన్నాడు.

నేను లెక్కపెట్టాను. నాలుగు మాటలు, ఒకే ఊపిరి!

ఆసుపత్రి బయటికి పరుగెత్తాను. మదనపల్లెలో టమాటా సీజను. క్రేట్లు పేర్చుకున్న లారీలు వరసగా పోతున్నాయి, ఊరంతా పచ్చి టమాటా వాసన. ఏ హోటల్లో రాగిసంగటి దొరుకుతుందో ఎదురుగా వచ్చిన ప్రతి ఒక్కరినీ అడిగాను. ఒకాయన, "ఈడ యాడ దొరకతాదమ్మా పొద్దున్నే" అంటూనే, నా మొహం చూసి ఏమనుకున్నాడో, స్కూటరు ఆపి ఒక చిన్న మెస్సు దాకా దింపిపోయాడు. మెస్సామె ఇంకా పొయ్యి మీద నుంచి దించని సంగటిలోంచే ముద్ద కట్టి, పక్కన రోట్లో నూరిన వేరుశనగ ఊరుబిండి పెట్టింది. వెనక్కి వస్తుంటే ఎండ కూడా నాకు నచ్చింది.

డాక్టరమ్మ మొదట మెత్తటి ఇడ్లీ పెట్టమంది. మేము సగం ముద్ద దొంగగా పెట్టాం. ఆవిడ చూసీ చూడనట్టు పోయింది.

ఆ తర్వాతి ఎక్స్‌రేలో మంచు విడిపోయింది. అక్కడక్కడ పలచగా మిగిలింది, అంతే. ఆక్సిజన్ తీసేశారు. డ్యూటీ డాక్టరు కూడా తన ఫోనులో పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టుకుని తోటివాళ్లకు చూపిస్తూ తిరిగాడు, సొంత పెళ్లి ఫోటోలు చూపించినట్టు. బావ మంచం మీద కూర్చుని చిన్నగా కూనిరాగం తీశాడు. నర్సు, "ఇప్పుడే వద్దు అన్నా, కొంచెం ఆగు" అంది. మర్నాడు ఆమే వచ్చి, "ఇప్పుడు పాడు, వింటాను" అంది.

పక్క మంచాల బంధువులు మామ చుట్టూ చేరారు. దుర్యోధనుడు ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసి కింది అంతస్తు నుంచి కూడా వచ్చారు. ఆవరణలో చెట్టుకింద మామ ఒక పద్యం ఎత్తుకున్నాడు. వాచ్‌మన్ ఆపడానికి వచ్చి, పద్యం అయిపోయేదాకా చేతులు కట్టుకుని నిలబడి, ఆ తర్వాత, "ఈడ పాడగూడదు సార్" అన్నాడు.

భీముడు ఒక బుట్ట నిండా పండ్లు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఏడుపు మొదలుపెట్టాడు. "యుద్ధం రాకముందే నిన్ను సంపేస్తిని గదప్పా!" అన్నాడు. బావ వాడి చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టుకున్నాడు. "నువ్వు ఊరకే అన్నావు. నేను పోయి కొనుక్కున్నా. నీ తప్పేముండాది?" అన్నాడు. వాడు జేబులోంచి ప్యాకెట్టు తీసి, మా అందరి ముందే చెత్తబుట్టలో వేశాడు. వాడు పూర్తిగా మానడానికి ఇంకా చాలా నెలలు పట్టింది. కానీ మానాడు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నవ్వకుండా చెప్పింది. "మాత్రలు నేను చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి, మీ అంతట మీరు ఆపకూడదు. సిగరెట్ మళ్లీ ముట్టుకుంటే ఇది మళ్లీ రావచ్చు. వేరేవాళ్ల పొగ దగ్గర కూడా నిలబడకండి. ఈ ఏడాది పరుగులు వద్దు." బావ బుద్ధిగా తల ఊపాడు. "వచ్చే ఏడాది మేడమ్?" అన్నాడు. "వచ్చి ఊపిరి పరీక్ష చేయించుకోండి, చూద్దాం" అంది.

మేము ఊరికి వచ్చేసరికి భారతం ఆఖరి రోజు దగ్గరపడింది. దుర్యోధనుడు లేడు. సాయిబు తాత కొత్తగా కుట్టిన వేషం మా ఇంటికి తెచ్చి, అరుగు మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. మామ ఆ వేషం వంక, తన మోకాళ్ల వంక, కొడుకు వంక చూశాడు. "నడుం దగ్గర కొంచెం వదులు సెయ్యి సాయిబూ" అన్నాడు.

వధ రోజు పొద్దున బావను చెట్టునీడన కుర్చీలో కూర్చోబెట్టి, దుమ్ము పడకుండా మాస్కు కట్టాను. మామ కిరీటం పెట్టుకుని మట్టి బొమ్మ తొడమీద నిలబడి పద్యం ఎత్తుకుంటే బయలంతా నిశ్శబ్దమయింది. పరుగు మొదలయ్యాక మాత్రం సంగతి వేరే. మామ ముందర కుంటుతూ నడుస్తున్నాడు, వెనక భీముడు ఆయన్ను అందుకోకూడదు గనుక ఒకే చోట ఎగురుతున్నాడు. జనం ఈలలు వేశారు. "నిదానంగా రా భీమప్పా, పెద్దాయన వస్తాండాడు!" అని ఎవరో అరిచారు. మామ వెనక్కి తిరిగి, పద్యం మధ్యలోనే, "నేను ముందుండాను రా!" అన్నాడు. బావ కుర్చీలో నవ్వీ నవ్వీ రొమ్ము పట్టుకున్నాడు. నేను కంగారుపడ్డాను. "నొప్పి లేదు మే. నవ్వు వస్తాంది, అంతే. ఎంత నవ్వినా ఊపిరి అందతాంది, సూడు" అన్నాడు.

ఏడాది తిరిగింది. మదనపల్లెకు పోయి గొట్టంలోకి ఊదే పరీక్ష చేయించాం. బావ ఊదిన ఊపుకు డాక్టరమ్మ కనుబొమలు లేపింది. "ఇక ఎవరి వెంటైనా పరుగెత్తండి" అంది.

ఆ ఎండాకాలం మా పుట్టింటి ఊళ్లో భారతం పెట్టారు. కుప్పం పక్క ఊళ్లంటే మూడు భాషల ఊళ్లు. పద్యం తెలుగులో పాడితే మెచ్చుకోలు అరవంలో వస్తుంది, ఈలలు కన్నడంలో వస్తాయి. మా వాళ్లు దుర్యోధనుడిగా అల్లుణ్ణే, భీముడిగా మా లారీ డ్రైవరునే పిలిచారు. అప్పటికే బావ సాయిబు తాత దగ్గర ఆరునెలలు కూర్చుని ఉన్నాడు. తాత గొంతు గురించి ఎత్తలేదు. ఊపిరి ఎక్కడ తీయాలి, ఎక్కడ దాచుకోవాలి, ఎక్కడ విడవాలి, అదే నేర్పాడు. పాలు తోలే దారిలో మలుపు నుంచి మలుపు దాకా ఒకే రాగం పట్టమన్నాడు. నేను క్యాన్ల మధ్య కూర్చుని వింటూ పోయేదాన్ని. బావ ఆ రాగం తెగకుండా ఉండాలని హారన్ నాచేత కొట్టించేవాడు.

వధ రోజు పొద్దున మా ఊరి బయలు నిండిపోయింది. రైలు దిగి బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. బావ ఎర్రరంగు మొహంతో, భుజకీర్తులతో వచ్చి నిలబడ్డాడు. చూడటానికి భయం పుట్టేలానే ఉన్నాడు. నోరు తెరిచి పద్యం ఎత్తుకోగానే ఆ సన్నటి గొంతు విని వెనక వరసల్లో నవ్వులు లేచాయి. బావ ఆగలేదు. రెండో పద్యానికి నవ్వులు తగ్గాయి. మూడో పద్యంలో, తమ్ముళ్లందరూ పోయాక ఒక్కడే మిగిలిన దుర్యోధనుడు తల్లిని తలచుకునే చోట, ఆఖరి రాగం పట్టి మట్టి బొమ్మ కాళ్ల నుంచి తల దాకా నడిచాడు. తెంచలేదు. నా పక్కన ఒక అవ్వ ముక్కు చీదింది.

"అయ్యో, ఈ బిడ్డను యాల సంపతారు? తప్పు సేసినాడు సరే, ఇంకొక మాట సెప్పి సూడగూడదా?" అంది.

తర్వాత పరుగు. భీముడు ఈసారి నిజంగా పరుగెత్తాల్సి వచ్చింది. మూడు చుట్లు తిరిగాక వాడే ముందు ఆయాసపడి, గద నేలకు ఆనించి నిలబడ్డాడు. బావ వెనక్కి తిరిగి వాడికోసం ఆగాడు. జనం చప్పట్లు చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడాది అది తప్ప వేరే ఏడుపు ఏదీ ఏడ్వలేదు నేను.

వధ అయ్యాక ఆడవాళ్లు చీపుర్లతో మట్టి దుర్యోధనుణ్ణి కొట్టడం మా పక్క ఆచారం. ఆ రోజు చాలామంది చీపుర్లు దించుకుని తటపటాయించారు. మా అమ్మ మాత్రం అందర్నీ తోసుకుని ముందుకు పోయింది. బొమ్మ రొమ్ము మీద ఎడాపెడా వాయించింది. "నా బిడ్డను అన్ని దినాలు ఏడిపిస్తావా? ఏడిపిస్తావా?" అంటూ. వేషంలో ఉన్న అల్లుడు పక్కనే నిలబడి, ప్రతి దెబ్బకూ ఒక అడుగు వెనక్కి వేస్తూ, "అత్తా, సాలు అత్తా" అంటున్నాడు.

ఇంటికి వచ్చి బావ తొట్టి దగ్గర రంగు కడుక్కున్నాడు. కొంత పోయింది, కొంత పోలేదు. మా అమ్మ కోడికూర వడ్డించింది. ఇంతకు ముందు కొట్టిన చేత్తోనే కొసరి కొసరి పెట్టింది. తిన్నాక వసారాలో చాప పరుచుకుని బావ అట్లాగే పడి నిద్రపోయాడు. మధ్యాహ్నం నుంచి జనం వస్తూనే ఉన్నారు, దుర్యోధనుణ్ణి ఒకసారి చూసి పోవాలని. పిల్లలను చంకనేసుకుని వచ్చిన ఆడవాళ్లు, సెల్‌ఫోను పట్టుకున్న కుర్రవాళ్లు, కర్రలు పట్టుకున్న ముసలివాళ్లు. మా అమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఎవరినీ లోపలికి రానివ్వలేదు.

"పొద్దున్నే గదప్పా సచ్చిపోయినాడు" అంది వాళ్లతో. "బాగా అలిసిపోయుండాడు. సాయంత్రం లేసినాక రాండి."